మాట పోయాక మన మాట ఎవరు చెప్పాలి?

పోయిన నెల ఈ పేజీలో ఒక పాఠకురాలికి జవాబిస్తూ, ఐసీయూలో పడ్డాక మనకి ఏం చేయాలో ఏం చేయొద్దో ముందే కాగితం మీద రాసి పెట్టుకోవచ్చు అని రెండు లైన్లు రాశాను. ఆ రెండు లైన్లకి వచ్చినన్ని ఉత్తరాలు, మెయిల్స్, వాట్సాప్ వాయిస్ మెసేజులు ఈ మధ్య దేనికీ రాలేదు. అందుకని ఈసారి పేజీలన్నీ దానికే ఇచ్చేస్తున్నా. షుగర్, థైరాయిడ్ ప్రశ్నలు పంపినవాళ్ళు ఒక్క నెల ఆగండి, ప్లీజ్.

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది దిల్‌సుఖ్‌నగర్. గవర్నమెంట్ స్కూల్లో టీచర్‌గా రిటైర్ అయ్యాను, వయసు 69. మావారు పోయినేడాది నిమోనియాతో హాస్పిటల్లో చేరి, చివరి దాకా వెంటిలేటర్ మీదే ఉండి వెళ్ళిపోయారు. పైపులు పీకేసుకుంటున్నారని చేతులు మంచానికి కట్టేశారు. రోజూ పొద్దున్నే ఒక డాక్టరు వచ్చి "కండిషన్ సేమ్ అమ్మా" అనేవారు, అంతకుమించి ఏం చెప్పేవారు కాదు. నాకు అలాంటి చావు వద్దు. అమ్మాయి మియాపూర్లో ఉంటుంది, దానితో అంటే "ఆ మాటలెందుకమ్మా, తథాస్తు దేవతలుంటారు" అని నోరు మూయించింది. డాలస్‌లో ఉన్న అబ్బాయేమో "జీపీఏ రాసేయ్, మిగతాది నేను చూసుకుంటా" అంటున్నాడు. ఏం రాయాలి, ఎక్కడ రాయించాలి, ఎవరి దగ్గర పెట్టాలి, చట్టంలో చెల్లుతుందా, వివరంగా చెప్పగలరు.

జవాబు: టీచర్ గారూ, చెల్లుతుంది. సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం 2018 మార్చి 9న కామన్ కాజ్ అనే సంస్థ వేసిన కేసులో తీర్పిచ్చింది, గౌరవంగా చనిపోవడం కూడా ఆర్టికల్ 21 ఇచ్చే జీవించే హక్కులో భాగమే అని, దానికోసం ముందే రాసిపెట్టుకునే కాగితం చెల్లుతుంది అని. దీన్నే అడ్వాన్స్ మెడికల్ డైరెక్టివ్ అంటారు, జనం నోట్లో లివింగ్ విల్. అప్పట్లో దాని మీద మేజిస్ట్రేట్ సంతకం కూడా ఉండాలన్నారు, కోర్టు చుట్టూ ఎవరు తిరుగుతారు చెప్పండి, అందుకే చాలామంది రాయలేదు. 2023 జనవరి 24న ఇంకో ఐదుగురు జడ్జీల బెంచ్ ఆ రూల్స్ సడలించింది. ఇప్పుడు ఇద్దరు సాక్షుల ముందు మీరు సంతకం పెట్టి, నోటరీతో గానీ గెజిటెడ్ ఆఫీసర్‌తో గానీ అటెస్ట్ చేయిస్తే చాలు. సాక్షులు మీ ఆస్తితో, మీ వైద్యంతో సంబంధం లేనివాళ్ళైతే మంచిది, మీతో పనిచేసిన టీచర్లెవరైనా సరిపోతారు. స్టాంపు పేపర్ మీదే ఉండాలని కోర్టు అనలేదు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్ళి రిజిస్ట్రేషన్ చేయించే పని కూడా లేదు. తెలుగులో రాసుకోవచ్చు, కానీ రేపు రాత్రి రెండింటికి ఐసీయూలో డ్యూటీలో ఉండే పిల్ల డాక్టరుకి తెలుగు చదవడం రావాలని లేదు కదా, అందుకని పక్కనే ఇంగ్లీషు కాపీ కూడా పెట్టి రెండిటి మీదా సంతకం చేయించండి.

అబ్బాయి చెప్పిన జీపీఏ, అంటే మన బదులు సంతకాలు పెట్టే అధికారం ఇచ్చే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, ఇక్కడ పనికిరాదు. మన దగ్గర పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చిన మనిషి స్పృహలో, బుద్ధి స్థిమితంలో ఉన్నంత వరకే నడుస్తుంది, ఆ మనిషి కోమాలోకి వెళ్ళాక అది కూడా ఆగిపోతుంది, అంటే సరిగ్గా అవసరమైన రోజున చెల్లదు. అమెరికాలో హెల్త్ కేర్ ప్రాక్సీ అని, మన మాట పోయాక వైద్యం గురించి నిర్ణయించే మనిషిని పెట్టుకునే కాగితం ఉంటుంది, బహుశా అతను దాని గురించి అనుకుని ఉంటాడు.

ఇక ఏం రాయాలి అనేది. నేను చాలా ఏళ్ళు ఐసీయూలో పనిచేసి ఇప్పుడు పాలియేటివ్ కేర్‌లో, అంటే పెద్ద జబ్బుల్లో నొప్పి, బాధ తగ్గించే వైద్యంలో ఉన్నాను, ఇలాంటి కాగితాలు చదివాను, రాసేవాళ్ళ పక్కన కూర్చున్నాను కూడా. ఎక్కువమంది చేసే పని ఏంటంటే మిషన్ల లిస్టు రాస్తారు. వెంటిలేటర్ వద్దు, డయాలసిస్ వద్దు, షాకులు వద్దు, అయిపోయింది, సంతకం. అది చాలా రిస్కు. రేపు మీకే నిమోనియా వచ్చిందనుకోండి, నాలుగు రోజులు వెంటిలేటర్ మీద పెడితే మామూలుగా లేచి ఇంటికొచ్చి మళ్ళీ మనవరాలికి పద్యాలు నేర్పే కేసు అనుకోండి, "వెంటిలేటర్ వద్దు" అన్న ఒక్క ముక్క చూపించి ఎవరైనా ఆపేస్తే? మీకు కావాల్సింది అది కాదు. ఆ మిషన్ మీద తిరిగి రాని స్థితిలో ఉండిపోవడం మీకు వద్దు. కాబట్టి మిషన్ గురించి కాకుండా స్థితి గురించి రాయండి. "నాకు నయం కాని జబ్బు ముదిరి, లేదా మెదడు దెబ్బతిని, నా పిల్లల్ని గుర్తుపట్టే స్థితికి మళ్ళీ రానని డాక్టర్లు తేల్చినప్పుడు, ప్రాణం పొడిగించడానికి మాత్రమే పనికొచ్చే వైద్యం మొదలుపెట్టొద్దు, మొదలుపెట్టి ఉంటే ఆపేయండి. నొప్పి, ఆయాసం లేకుండా మందులు మాత్రం ఇస్తూనే ఉండండి, దానివల్ల మత్తుగా ఉన్నా పర్లేదు." ఇది మీ మాటల్లో మీరు రాసుకోండి. దాని కింద మిషన్ల పేర్లు, వెంటిలేటరు, గుండె ఆగితే ఛాతీ నొక్కడం, డయాలసిస్, గొంతు దగ్గర రంధ్రం, ముక్కు గొట్టం ద్వారా ఆహారం, ఇలా ఒక్కోటి చెప్పి, "పైన చెప్పిన స్థితిలో" అన్న మాట జోడించండి. కోర్టు కూడా చెప్పింది, రాసింది స్పష్టంగా లేకపోతే ఆ కాగితాన్ని పక్కన పెట్టేస్తారు అని.

ఇంకో రెండు మూడు ముక్కలు తప్పకుండా ఉండాలి. ఇది నేను ఎవరి బలవంతం లేకుండా, దీని ఫలితం ఏంటో తెలిసి రాస్తున్నా అని. ఎప్పుడైనా దీన్ని మార్చుకునే, రద్దు చేసుకునే హక్కు నాకుంది అని. ఆ తర్వాత, మీ మాట పోయాక మీ తరఫున ఒప్పుకోడానికి ఎవరికి అధికారం ఇస్తున్నారో వాళ్ళ పేర్లు. ఒకరికంటే ఎక్కువమందిని పెట్టొచ్చు.

ఈ పేర్ల దగ్గరే అసలు సంగతంతా ఉందని నా నమ్మకం. ఐసీయూ బయట కౌన్సెలింగ్ రూమ్ అని ఒకటి ఉంటుంది, మీవారి విషయంలో మీరూ చూసే ఉంటారు, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, టేబుల్ మీద టిష్యూ డబ్బా, ఒక కన్సెంట్ ఫామ్. "ఎవరు సంతకం పెడతారు" అని డాక్టరు అడగ్గానే అన్న తమ్ముడి వైపు, తమ్ముడు అక్క వైపు చూస్తారు. పెన్ను తీసుకున్న మనిషి ఆ తర్వాత ఏళ్ళ తరబడి "అమ్మని నేనే చంపానా" అని కుమిలిపోతుంటే నేను కళ్ళారా చూశాను. మీ కాగితం చేసే పెద్ద ఉపకారం ఇదే, ఆ బరువు మీ అమ్మాయి నెత్తి మీద పడకుండా ముందే మీరు మోసేస్తున్నారు. ఇదే మాట అమ్మాయితో అనండి. "నా చావు గురించి మాట్లాడదాం" అంటే ఏ కూతురు వింటుంది? "నాన్నప్పుడు నువ్వు సంతకం పెట్టి ఎంత ఏడ్చావో చూశాను, నా విషయంలో నీకు ఆ బాధ రానివ్వను" అనండి, వింటుంది.

మొదటి పేరు అమ్మాయిదే పెట్టండి, ఊళ్ళో ఉండేది తనే కాబట్టి. రెండో పేరు అబ్బాయిది పెట్టండి, ముఖ్యంగా వద్దంటాడేమో అని మీకు అనుమానం ఉంటే ఇంకా తప్పకుండా పెట్టండి. చాలామంది గొడవ ఎందుకులే అని ఒప్పుకోని పిల్లలకి చెప్పకుండా దాచేస్తారు. అలా చేస్తే ఏమవుతుందంటే, ఆ అబ్బాయి ఎయిర్‌పోర్టు నుంచి సూట్‌కేసుతో సరాసరి ఐసీయూకి వచ్చి, అప్పటిదాకా ఏం జరిగిందో ఏమీ చూడలేదు కాబట్టి, ఇన్నాళ్ళు దగ్గర లేనన్న బాధ ఒకటి లోపల తొలిచేస్తుంటుంది కాబట్టి, "ఎంతైనా పర్లేదు, అన్నీ చేయండి" అంటాడు. అతను చెడ్డవాడు కాదండి, భయపడ్డవాడు. ఇప్పుడే వీడియో కాల్లో కాగితం చదివి వినిపించండి, వాదించుకోనివ్వండి, ఏడవనివ్వండి.

రాసిన కాపీలు వాళ్ళిద్దరికీ ఒక్కొక్కటి, మీకు రెగ్యులర్‌గా చూసే ఫ్యామిలీ డాక్టరుంటే ఆయనకొకటి, మున్సిపల్ కార్పొరేషన్‌కి ఒకటి. డిజిటల్ హెల్త్ రికార్డులో కూడా పెట్టుకోవచ్చు. మీ దగ్గరున్నది బ్యాంకు లాకర్లో మాత్రం పెట్టకండి, లాకర్ తీసేసరికి జరగాల్సింది జరిగిపోతుంది. ఆధార్, మెడిక్లెయిమ్ కార్డు పెట్టే కవర్లోనే పెట్టండి.

ఒక పేషెంటమ్మ గుర్తొస్తున్నారు, తన కాగితంలో చివర "తులసి తీర్థం పోసే టైముకి నా నోట్లో గొట్టం ఉండకూడదు" అని రాసుకున్నారు. లీగల్ భాషలో ఎక్కడా లేని వాక్యం అది. కానీ ఆవిడ కొడుకులకి అన్నిటికంటే బాగా అర్థమైంది అదే. మీకూ అలాంటిది ఏదైనా ఉంటే మొహమాటపడకుండా రాయండి.

ప్రశ్న: మేడమ్, మాది కూకట్‌పల్లి. మా మామగారికి 76, పెద్ద స్ట్రోక్ వచ్చి వెంటిలేటర్ మీద ఉన్నారు, రెండు వారాలు కావస్తోంది, కళ్ళు తెరవట్లేదు. గొంతుకి రంధ్రం పెట్టాలి, సంతకం చేయండి అంటున్నారు. మావారు పెట్టించేద్దాం అంటారు, మా మరిది ఇంక నాన్నని హింస పెట్టొద్దు, రిస్క్ మీద సంతకం పెట్టి ఇంటికి తీసుకెళ్దాం అంటాడు. ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశారు. ఆయన ఏమీ రాసిపెట్టలేదు. ఇప్పుడేం చేయాలి?

జవాబు: తల్లీ, కాగితం లేకపోయినా దారుంది, అది 2018 తీర్పులోనే ఉంది, 2023లో సులువు చేశారు. ఎలాగంటే, చూస్తున్న డాక్టరు, ఆ సబ్జెక్టులో కనీసం 5 ఏళ్ళ అనుభవం ఉన్న ఇంకో ఇద్దరు డాక్టర్లు కలిసి హాస్పిటల్లో ఒక బోర్డుగా కూర్చుంటారు. ఇంక కోలుకునే ఆశ లేదు, ఈ వైద్యం ఆపొచ్చు అని వాళ్ళు అంటే, అదంతా ఇంట్లోవాళ్ళకి వివరంగా చెప్పి రాతపూర్వకంగా ఒప్పుదల తీసుకోవాలి. ఆ తర్వాత రెండో బోర్డు, అందులో జిల్లా వైద్యాధికారి నామినేట్ చేసిన డాక్టరు ఒకరు, మొదటి బోర్డులో లేని స్పెషలిస్టులు ఇద్దరు. ఒక్కో బోర్డూ వీలైనంత వరకు 48 గంటల్లో తేల్చాలని కోర్టు చెప్పింది. రెండు బోర్డులూ సరే అంటే, ఆపే ముందు హాస్పిటలే మేజిస్ట్రేటుకి తెలియజేస్తుంది, మీరు కోర్టుకి వెళ్ళక్కర్లేదు. బోర్డులు వద్దంటే, లేదా వాళ్ళలో వాళ్ళకి కుదరకపోతే, హైకోర్టుకి వెళ్ళొచ్చు. ఈ పద్ధతి మా దగ్గర లేదు అని హాస్పిటల్ అంటే, రాతపూర్వకంగా మెడికల్ సూపరింటెండెంట్‌కి లెటర్ పెట్టండి, లెటర్ పెడితే కదులుతుంది.

కానీ అంతకంటే ముందు ఇంకో మాట. గొంతు రంధ్రం అనగానే అది హింస అనుకోకండి. నోట్లో గొట్టంతో ఎక్కువ రోజులు ఉంటే నోరు పుళ్ళు పడుతుంది, మత్తు మందు ఎక్కువ కావాలి, అందుకే వారం రెండు వారాలు దాటాక దాన్ని గొంతుకి మారుస్తారు. స్ట్రోక్ పేషెంట్లలో కొంతమందికి తర్వాత అది తీసేసి మూసేస్తాం కూడా. ఇంకొంతమందికి అదే ఏడాది పాటు మంచంలో అలా ఉండిపోవడానికి మొదటి మెట్టు అవుతుంది. మీ మామగారు ఈ రెండిట్లో ఎటువైపు అన్నది తెలియకుండా అన్నదమ్ములిద్దరూ పోట్లాడుకుంటున్నారు. మీ ఆయన్ని, మరిదిని ఇద్దరినీ కలిపి న్యూరాలజిస్టు ముందు కూర్చోబెట్టండి. విడివిడిగా వద్దు, ఒక్కొక్కరికీ ఒక్కోలా అర్థమవుతుంది. "బతుకుతారా" అని అడిగితే "చెప్పలేం" అనే అంటారు, అలా అడగొద్దు. "అన్నీ అనుకున్నట్టు మంచిగా జరిగితే ఆరు నెలల తర్వాత మా నాన్న ఎలా ఉంటారు, కూర్చుంటారా, నోటితో తింటారా, మమ్మల్ని గుర్తుపడతారా" అని అడగండి. ఆ జవాబు విన్నాక సగం గొడవ తగ్గుతుంది.

జవాబు అటూ ఇటూ కాకుండా ఉంటే టైమ్ పెట్టుకోండి. రంధ్రం పెట్టించి ఇన్ని రోజులు చూద్దాం, ఈలోగా కళ్ళు తెరవడం, చెప్పింది వినడం లాంటి మార్పు రాకపోతే మళ్ళీ అందరం కూర్చుందాం అని ముందే డాక్టరుతో అనుకుని, కేస్ షీట్లో రాయించండి. ఇలా చేస్తే మీవారి మాటా నిలుస్తుంది, మరిది మాటా నిలుస్తుంది.

"రిస్క్ మీద తీసుకెళ్ళడం" గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. మన ఊళ్ళో ఇది రోజూ జరుగుతుంది. డబ్బులైపోయో, విసిగిపోయో లామా ఫామ్ (డాక్టర్లు వద్దన్నా మేమే తీసుకెళ్తున్నాం అనే కాగితం) మీద సంతకం పెట్టి, అంబులెన్సులో ఒక కుర్రాడు గాలి బ్యాగు నొక్కుతుంటే ఇంటికి తీసుకొచ్చి, గుమ్మంలో గొట్టం తీసేస్తారు. ఆ తర్వాత ఆ మనిషి గంటలో పోవచ్చు, రెండు రోజులు ఊపిరి అందక కొట్టుకోవచ్చు, పక్కన ఒక నర్సు ఉండదు, మార్ఫిన్ చుక్క ఉండదు, చూసేవాళ్ళకి జన్మలో మర్చిపోలేని బాధ. ఇంటికే తీసుకెళ్ళాలనుకుంటే తీసుకెళ్ళండి, తప్పు లేదు, ఇంట్లో అందరి మధ్య పోవాలని ఎంతోమంది కోరుకుంటారు, కానీ డాక్టరుతో చెప్పి, ఆయాసానికి నొప్పికి ఏ మందు ఎంత ఇవ్వాలో రాయించుకుని, ఇచ్చే మనిషిని చూసుకుని వెళ్ళండి. హాస్పిటల్లో పాలియేటివ్ టీమ్ ఉందా అని అడగండి. ఇది చదివేవాళ్ళలో క్యాన్సర్ పేషెంట్లు ఉన్నవాళ్ళకి కూడా చెప్తున్నా, రెడ్‌హిల్స్ ఎంఎన్‌జే క్యాన్సర్ హాస్పిటల్లో పాలియేటివ్ విభాగం ఉంది, ఖాజాగూడలో చివరి రోజుల్లో ఉన్నవాళ్ళని చూసుకునే స్పర్శ్ హాస్పిస్ ఉంది, అక్కడ డబ్బులు తీసుకోరు.

ఇంకొకటి, మీ ఉత్తరంలో అందరి మాటా ఉంది గానీ మీ అత్తగారి మాట ఎక్కడా లేదు. ఇన్నేళ్ళు ఆయనతో కాపురం చేసిన మనిషి. "మీకేం కావాలి" అని కాదు, "మామయ్య గారు ఎవరినైనా మంచాన పడ్డవాళ్ళని చూసొస్తే ఏమనేవారు అత్తయ్యా" అని అడగండి. ఇద్దరు కొడుకుల్నీ పక్కన పెట్టుకుని అడగండి.

ప్రశ్న: ఇది కారుణ్య మరణమే కదా? ఇంజెక్షన్ ఇచ్చి చంపేయడానికి పర్మిషన్ ఇచ్చినట్టే కదా? దేవుడిచ్చిన ప్రాణం తీసే హక్కు మనకెక్కడిది? (అల్వాల్ నుంచి)

జవాబు: లేదండి. ఇంజెక్షన్ ఇచ్చి ప్రాణం తీయడం మన దేశంలో నేరమే, నిన్నా నేరమే, ఇవాళా నేరమే. రోగి అడిగినా, రాసిచ్చినా సరే. కోర్టు ఒప్పుకున్నది వేరే, ఇంక పనికిరాదని తేలిన వైద్యాన్ని ఆపి జబ్బు దాని దారిన అది పోయేలా వదలడం. అప్పుడు మనిషిని తీసుకెళ్ళేది జబ్బే. ముంబై కేఈఎం హాస్పిటల్ నర్సు అరుణా షాన్‌బాగ్ గురించి మీరు వినే ఉంటారు, 1973లో ఆవిడ మీద దాడి జరిగింది, అప్పట్నించి ఆ హాస్పిటల్లోనే మంచం మీద 2015లో పోయేదాకా ఉన్నారు. ఆవిడ కేసులోనే 2011లో సుప్రీంకోర్టు మొదటిసారి ఈ తేడా చెప్పి, వైద్యం ఆపడానికి హైకోర్టు అనుమతితో దారి ఇచ్చింది. ఆవిడ విషయంలో మాత్రం ఒప్పుకోలేదు, ఎందుకంటే ఏళ్ళ తరబడి ఆవిడకి సేవ చేస్తున్న నర్సులు, స్టాఫ్ వద్దన్నారు, కోర్టు వాళ్ళ మాట విన్నది. అది కూడా నాకు న్యాయంగానే అనిపిస్తుంది. దేవుడి మాట మీరన్నారు కాబట్టి, మీ విశ్వాసం ప్రకారం మీరు మీ కాగితం రాసుకోవచ్చు, ఈ కింది ప్రశ్న కూడా చూడండి.

ప్రశ్న: అందరూ వద్దు వద్దు అని రాస్తుంటే నాకు భయమేస్తోంది డాక్టరమ్మా. నాకు 74, మలక్‌పేట. నాకు బతకాలని ఉంది. ఆఖరి ఊపిరి దాకా అన్ని వైద్యాలూ చేయించుకోవాలని ఉంది. పిల్లలు ఖర్చని ఆపేస్తారేమో. అలా రాయొచ్చా?

జవాబు: భేషుగ్గా రాయొచ్చు పెద్దాయనా, ఈ ఉత్తరం రాసినందుకు మీకు దండం పెడుతున్నా. బతకాలనుకోవడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు, ఈ తీర్పు ముసలివాళ్ళందరూ తప్పుకోవాలని చెప్పలేదు, అలా ఎవరైనా ఇంట్లో మీతో అంటుంటే, బలవంతంగా సంతకం పెట్టమంటే, ఆ కాగితం చెల్లనే చెల్లదు. మీ పద్ధతిలో మీరు రాయండి, "ఒక్క శాతం ఆశ ఉన్నా ప్రయత్నం చేయండి, నా వైద్యానికి నా ఫలానా డిపాజిట్ వాడండి" అని. డబ్బు సంగతి తప్పకుండా రాయాలి, ఎందుకంటే పిల్లలు ఆపేది ఇష్టం లేక కాదు, ఎక్కువసార్లు చేతిలో లేక. మెడిక్లెయిమ్ ఎంతుంది, ఎఫ్‌డీ ఏ బ్యాంకులో ఉంది, జాయింట్ అకౌంటా కాదా చూసుకోండి. మీ ఒక్కరి పేరునే ఉంటే మీరు స్పృహలో లేనప్పుడు ఆ డబ్బు మీకే ఉపయోగపడదు, ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా మార్పించుకోండి.

ఒక్కటి మాత్రం నిజాయితీగా చెప్తా. ఏ మందూ పనిచేయని దశ ఒకటి వస్తుంది, అప్పుడు ఛాతీ నొక్కితే పక్కటెముకలు విరుగుతాయి తప్ప గుండె కొట్టుకోదు. ఆ దశలో ఏం చేయాలి అనేది కూడా మీ డాక్టరుతో ఒకసారి మాట్లాడండి. విన్నాక కూడా "అయినా సరే చేయండి" అంటే అది మీ ఇష్టం, అదే రాయండి. అన్నట్టు, ఎవరికైనా చెప్తున్నా, మీరు స్పృహలో ఉండి మాట్లాడగలిగినంత కాలం ఈ కాగితం ఎవరూ తీయరు. మీ నోటి మాటే చెల్లుతుంది.

ప్రశ్న: నేను రాసుకుని ఉప్పల్లో నోటరీ దగ్గరికి వెళ్తే "ఇలాంటివి చెల్లవమ్మా, నేను చేయను" అన్నాడు. మున్సిపల్ సర్కిల్ ఆఫీసుకి వెళ్తే ఏ కౌంటర్లో ఇవ్వాలో వాళ్ళకే తెలీదు.

జవాబు: ఈ కంప్లయింట్ చాలామంది రాశారు. నోటరీ ఒప్పుకోకపోతే అక్కడే వాదించి టైమ్ వేస్ట్ చేసుకోకండి, 2023 ఆర్డర్ ప్రింట్ తీసుకుని ఇంకో నోటరీ దగ్గరికి వెళ్ళండి, కోర్టుల దగ్గర కూర్చునేవాళ్ళకి కొంచెం ఎక్కువ తెలుసు. లేదా గెజిటెడ్ ఆఫీసర్, గవర్నమెంట్ జూనియర్ కాలేజీ లెక్చరర్ అయినా సరే, సర్టిఫికెట్ల అటెస్టేషన్‌కి మనం వెళ్ళేది వాళ్ళ దగ్గరికే కదా. ఈయన లేదా ఈవిడ తన ఇష్టంతో, అర్థం చేసుకుని సంతకం పెట్టారని నాకు నమ్మకం కలిగింది అని వాళ్ళు రాయాలి, ఆ ముక్క ఉండేలా చూసుకోండి.

మున్సిపల్ సంగతి. కాపీ తీసుకుని భద్రపరిచే అధికారిని నియమించాలి అని సుప్రీంకోర్టు స్థానిక సంస్థలకి చెప్పింది, పంచాయతీలకి కూడా. ముంబైలో ఒక డాక్టరు దీని మీద హైకోర్టుకి వెళ్ళాక అక్కడి కార్పొరేషన్ వార్డుల్లో అధికారుల్ని పెట్టింది. మనం కూడా అడిగితేనే కదులుతుంది. కౌంటర్లో తెలీదంటే కమిషనర్ పేరు మీద కవరింగ్ లెటర్ పెట్టి, ఇన్‌వార్డులో ఇచ్చి, స్టాంపు వేసిన అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి, లేదా స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. ఆ రసీదు కాపీ కాగితానికి పిన్ చేయండి. వంద మంది అలా పంపితే వాళ్ళే ఒక సీటు పెడతారు.

ప్రశ్న: నాకు బైపోలార్ (మూడ్ విపరీతంగా పైకీ కిందకీ పోయే మానసిక జబ్బు) ఉంది, 31 ఏళ్ళు, గచ్చిబౌలిలో జాబ్. ఎపిసోడ్ వచ్చినప్పుడు ఇంట్లోవాళ్ళు నన్ను ఎక్కడికో తీసుకెళ్ళి ఏదో ట్రీట్‌మెంట్ చేయిస్తారు, నాకు పడని మందులే మళ్ళీ ఇస్తారు. నేనూ ఇలాంటిది రాసుకోవచ్చా?

జవాబు: రాసుకోవచ్చు తల్లీ, కానీ ఇది వేరే చట్టం. మెంటల్ హెల్త్‌కేర్ యాక్ట్ 2017, 5వ సెక్షన్. పైన చెప్పినదానికీ దీనికీ లంకె పెట్టకు. ఇందులో నీకు ఎలాంటి వైద్యం కావాలో, ఎలాంటిది వద్దో రాయొచ్చు, నామినేటెడ్ రిప్రజెంటేటివ్‌గా, అంటే నీ తరఫున మాట్లాడే మనిషిగా, ఎవరినైనా పెట్టుకోవచ్చు, వాళ్ళు చుట్టాలే అవ్వాలని లేదు, నువ్వు నమ్మే ఫ్రెండైనా సరే, 18 దాటి ఉంటే చాలు. ప్రాణాపాయం ఉన్న ఎమర్జెన్సీలో మాత్రం అది అడ్డు రాదు, అప్పుడు డాక్టర్లు వెంటనే చేయాల్సింది చేస్తారు. నువ్వు బాగున్న రోజుల్లో, ఇప్పుడే, నీ సైకియాట్రిస్టుతో కూర్చుని రాయి. ఏ మందు నీకు పడింది, ఏది పడలేదు, ఎంత డోసు, అన్నీ పేర్లతో సహా. ఇంట్లో ఎవరితో మాట్లాడితే నువ్వు శాంతిస్తావో అది కూడా.

ప్రశ్న: నేను జీవన్‌దాన్‌లో అవయవదానానికి పేరిచ్చాను. ఇప్పుడు లివింగ్ విల్‌లో వెంటిలేటర్ వద్దని రాసేశాను, సాక్షుల సంతకాలు కూడా అయిపోయాయి. రెండిటికీ తేడా వస్తుందా? (వారాసిగూడ)

జవాబు: వస్తుంది, మంచి ప్రశ్న వేశారు, చాలామంది దీన్ని ఆలోచించరు. బ్రెయిన్ డెత్ అయ్యాక గుండె, కాలేయం, కిడ్నీలు తీసుకునే దాకా వాటికి రక్తం, ఆక్సిజన్ అందుతూ ఉండాలి, దానికి వెంటిలేటర్ కావాలి. మీ కాగితంలో అసలు వద్దే వద్దని ఉంటే అక్కడ ఇంట్లోవాళ్ళు, డాక్టర్లు ఇరుక్కుపోతారు. "నేను అవయవదానానికి పనికొస్తానంటే, దానికి ఎంత సమయం అవసరమో అంత సమయం మాత్రమే వెంటిలేటర్ ఉంచొచ్చు" అని ఒక లైను చేర్చండి. కళ్ళకి ఈ ఇబ్బంది లేదు, ఇంట్లో పోయినా ఆరు గంటల లోపు ఎల్వీ ప్రసాద్ ఐ ఇన్‌స్టిట్యూట్ ఐ బ్యాంకుకి ఫోన్ చేస్తే వాళ్ళే వస్తారు. పాత కాగితం మీద పెన్నుతో కొట్టివేతలు పెట్టకండి, మొత్తం మళ్ళీ రాసి, తారీఖు వేసి, సాక్షులూ నోటరీ అన్నీ మొదటి నుంచి చేయించండి, ఆఖరున సంతకం పెట్టిందే చెల్లుతుంది. పాత కాపీలు ఎవరెవరికి ఇచ్చారో గుర్తు తెచ్చుకుని అన్నీ వెనక్కి తీసుకుని చింపేయండి, మున్సిపల్ ఆఫీసుకి ఇచ్చి ఉంటే వాళ్ళకి కూడా కొత్తది పంపండి.